డాఫ్నె ఎప్పుడూ నది కూతురే ఎందుకు? గ్రీకు కథలు, మొక్కలు, నేల

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. గ్రీకు పురాణ కథల్లో ఎవరో ఒకరు చెట్టుగానో పువ్వుగానో మారిపోవడం కేవలం కవుల ఊహేనా, లేక ఆ మొక్కలకూ అక్కడి నేలకూ ఈ కథలతో నిజంగా సంబంధం ఉందా అన్నది మొదటిది. ఏప్రిల్‌లో పది రోజులు గ్రీస్ వెళుతున్నారు కనుక ఆ సంబంధాన్ని కళ్ళారా చూడగలిగే చోట్లు ఏవి అన్నది రెండోది. వృక్షశాస్త్రం బోధించిన ముప్ఫై ఏళ్ళూ ఈ కథలను పక్కన పెట్టుకొని చదివిన అలవాటు కొద్దీ చెబుతున్నాను: సంబంధం ఉంది, కానీ చాలామంది దాన్ని వెతికే చోట లేదు. ఫలానా పువ్వు ఎలా పుట్టిందో చెప్పడానికే కథ కట్టారనుకుంటే ఆ కథలో మిగిలేది చాలా తక్కువ. ఆ మొక్క ఎక్కడ మొలుస్తుంది, ఏ నెలలో పూస్తుంది, తొక్కితే ఏమవుతుంది, కాలిస్తే ఏమవుతుంది అన్నవి ముందు తెలుసుకొని చదివితే, అంతవరకూ అలంకారంగా కనిపించిన మాటలు ఆ ఊరివాళ్ళు రోజూ చూసిన విషయాలేనని అర్థమవుతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. ఇవాళ మనకు తెలిసిన రూపాంతర కథల్లో ఎక్కువ భాగం రోమన్ కవి ఓవిడ్ క్రీ.శ. 8 ప్రాంతంలో లాటిన్‌లో ముగించిన కావ్యం నుంచి వచ్చినవి. ఆయన గొప్ప కథకుడే, కానీ ఆయన చేతికి వచ్చేసరికే ఆ కథలు వందల ఏళ్ళుగా ఊరూరా గుళ్ళలో, జాతరల్లో నలిగినవి. ఓవిడ్‌కు కావలసింది మనిషి చెట్టుగా మారే ఆ ఒక్క క్షణం. ఆ చెట్టు ఏ వాగు ఒడ్డున ఉందన్నది ఆయనకు అంత ముఖ్యం కాదు. అందుకే నేను ఓవిడ్‌ను పక్కన పెట్టి, క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీస్‌లో చాలా భాగం తిరిగి ఊళ్ళ గుళ్ళనూ చెలమలనూ రాసుకున్న పౌసేనియస్‌నూ, ఆయనకు ముందటి భూగోళవేత్త స్ట్రాబోనూ, క్రీ.పూ. 4వ శతాబ్దంలో మొక్కల గురించి శాస్త్రంగా రాసిన థియోఫ్రాస్టస్‌నూ తోడు తీసుకుంటాను.

డాఫ్నెతో మొదలుపెడదాం. అపోలో దేవుడు వెంటపడితే పారిపోలేక లారెల్ చెట్టుగా మారిన కన్య ఆమె; గ్రీకులో డాఫ్నె అంటేనే లారెల్. ఓవిడ్ ఆమెను థెస్సలీలోని పెనియస్ నది కూతురన్నాడు. పౌసేనియస్ విన్న కథలో ఆమె అర్కాడియా ప్రాంతపు లాడోన్ నది కూతురు. అప్పటి సిరియా సముద్ర తీరానికి దగ్గరలో, ఒరోంటెస్ నది ఒడ్డున ఉన్న అంటియోక్ నగరవాసులు తమ ఊరి శివారులోనే ఆమె చెట్టయిందని చెప్పుకున్నారు. ఊటలతో నిండిన ఆ తోపు పేరు కూడా డాఫ్నెయే. ఊళ్ళు మారాయి, వెంటపడినవాడు కూడా ఒక కథలో మారాడు, కానీ ఆమె నదినీ ఊటనూ వదిలి ఎక్కడికీ పోలేదు. లారెల్ సంగతి తెలిసినవారికి ఇందులో వింత లేదు. వేసవి నాలుగు నెలలు చినుకు పడని దేశంలో, నున్నటి వెడల్పాటి ఆకులతో ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ చెట్టు, మధ్యధరా ప్రాంతం ఇప్పటికన్నా తేమగా ఉన్న పాత భూయుగాల అడవుల నుంచి మిగిలిన జాతి. దానంతట అది పెరగాలంటే నీడ, చల్లటి గాలి, వేళ్ళకు అందే నీరు కావాలి. అవి దొరికేది నది కోసిన ఇరుకు లోయల్లో. చుట్టూ కొండలు ఎండి గోధుమరంగుకు తిరిగినప్పుడు లోయ అడుగున నీటి పక్కన ఒక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది. ఆమె తండ్రి దగ్గరికి పారిపోయి ఆగిపోయిందనడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

పెనియస్ నది ఒలింపస్, ఓస్సా పర్వతాల మధ్య నుంచి సముద్రానికి దారి చేసుకున్న టెంపె లోయ అలాంటిదే. అపోలో ప్రసిద్ధ గుడి ఉన్న డెల్ఫీవాళ్ళు ఎనిమిదేళ్ళకు ఒకసారి ఒక బాలుడిని ఊరేగింపుగా ఈ లోయకు పంపి లారెల్ కొమ్మలు తెప్పించుకునేవారు. పైథాన్ అనే సర్పాన్ని చంపిన అపోలో ఇక్కడే శుద్ధి పొంది, లారెల్ దండతో డెల్ఫీకి వచ్చాడని వారి నమ్మకం. ఈ లోయ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన మాట నాకు ఎప్పుడూ నచ్చుతుంది: సముద్ర దేవుడు పొసైడన్ దీన్ని చీల్చాడని థెస్సలీవాళ్ళు అంటారు, భూమిని కంపింపజేసేది పొసైడన్ అని నమ్మేవారికి అది సరైన మాటే, నేను చూసినంతలో ఇది భూకంపం చేసిన పనే అంటాడు. క్రీ.పూ. 5వ శతాబ్దపు మనిషి రెండు మాటలనూ ఒకే వాక్యంలో, ఏ ఇబ్బందీ లేకుండా చెప్పాడు.

లారెల్ అనగానే మన వంటింటి బిర్యానీ ఆకు గుర్తొస్తుంది కానీ అది ఇది కాదు. మన ఆకును చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూడండి: కాడ దగ్గర నుంచి కొసదాకా మూడు ఈనెలు పొడుగునా సాగుతాయి, అది దాల్చినచెక్కకు దగ్గరి చుట్టం. గ్రీకు లారెల్ ఆకుకు నడిమి ఈనె ఒక్కటే ఉండి, పక్క ఈనెలు పక్షి ఈకలో లాగా చీలి పోతాయి. రెండూ ఒకే కుటుంబానికి చెందినా వాసన వేరు, కథ వేరు.

ఇక పెర్సెఫొనె. ఈ కథను మనం స్కూలు పుస్తకాల్లో చదువుకున్న రూపం ఇది: చనిపోయినవారి లోకానికి రాజైన హేడీస్ ఆమెను పాతాళానికి ఎత్తుకుపోయాడు, ఆరు దానిమ్మ గింజలు తిన్నది కనుక ఆరు నెలలు అక్కడ ఉంటుంది, అప్పుడు ఆమె తల్లి, పంటల దేవత డిమీటర్ దుఃఖంతో భూమి మీద చలికాలం వస్తుంది. ఇందులో ఎత్తుకుపోవడం తప్ప ప్రతి ముక్కకూ సవరణ అవసరం. ఈ కథకు మనకు దొరికిన పాత రూపం హోమర్ పేరిట ప్రచారంలో ఉన్న డిమీటర్ స్తోత్రం. అందులో ఆమె తిన్నది ఒక్క గింజ. పాతాళంలో ఉండేది ఏడాదిలో మూడో వంతు, అంటే నాలుగు నెలలు. సగం ఏడాది అన్నది ఓవిడ్. గింజలు ఏడు అన్నదీ ఆయనే. ఇక డిమీటర్ కోపం వల్ల కలిగిన విపత్తుగా స్తోత్రం చెప్పేది చలి గురించి కాదు: ఎడ్లు వృథాగా నాగళ్ళు లాగాయి, తెల్లని యవలు వృథాగా మట్టిలో పడ్డాయి, విత్తనం మొలవలేదు.

ఇక్కడ నేల తెలియాలి. ఏథెన్స్‌లో ఏడాదికి పడే వర్షం సుమారు 400 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి లోపలే పడుతుంది. యవలు, గోధుమలు తొలకరి పడగానే అక్టోబరు, నవంబరులో విత్తుతారు. చలికాలమంతా చేను పచ్చగా ఎదుగుతుంది. మే, జూన్‌లో కోతలు అయిపోతాయి. ఆ తర్వాత నాలుగు నెలలు నేల బీటలు వారి, మోళ్ళు తప్ప ఏమీ ఉండదు. రబీలో నల్లరేగడి మీద శనగో జొన్నో వేసి, ఎండాకాలం ఖాళీ చేను చూసే మన రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఉత్తర ఐరోపాలో కూర్చొని ఈ కథ చదివినవారికే భూమి చచ్చిపోయే కాలం అంటే మంచుకాలం అనిపించింది. స్వీడన్‌కు చెందిన గ్రీకు మత చరిత్రకారుడు మార్టిన్ నిల్సన్ ఈ సంగతి పట్టుకొని, పెర్సెఫొనె పాతాళంలో ఉండేది వేసవిలోనని వాదించాడు. నూర్చిన ధాన్యాన్ని మళ్ళీ విత్తే దాకా భూమిలో గొయ్యి తవ్వి దాచేవారు కనుక, ఆ నాలుగు నెలలూ ధాన్యపు కన్య నిజంగానే నేల కింద ఉంటుందన్నది ఆయన మాట. ఆ గొయ్యికి మనకు చక్కటి మాట ఉంది, పాతర. హేడీస్‌కు మరో పేరైన ప్లూటోన్ సిరి అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. పాతరలో ధాన్యమే రైతు సిరి.

ఈ వాదానికి స్తోత్రంలోనే ఒక అడ్డు ఉంది. భూమి వసంతపు పూలతో నిండినప్పుడు నీవు పైకి వస్తావని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. నా అభిప్రాయం అడిగితే, కవి చెప్పిన కాలం వసంతం, గుడి పాటించిన కాలం విత్తుల కాలం, ఈ రెండిటినీ ఒకటి చేయాలని పట్టుబట్టడంలోనే పొరపాటుంది. ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్‌లో ఈ తల్లీకూతుళ్ళ పేరిట రహస్య వ్రతాలు జరిగింది సెప్టెంబరు, అక్టోబరు మధ్య, అంటే వాన కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లో. ఆ తర్వాతి నెలలో స్త్రీలు మాత్రమే జరుపుకునే థెస్మొఫోరియా పండుగలో, అంతకు ముందు గుంటల్లో వేసిన పందిపిల్లల అవశేషాలను పైకి తీసి, విత్తనంతో కలిపి చల్లేవారు. దానిమ్మ పండేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. చలి మధ్యలో కాదు, వసంతంలోనూ కాదు. పాతర తెరిచి విత్తనం తీసే సమయంలో చెట్టు మీద పగిలిన దానిమ్మ ఉంటుందని తెలిశాక, కథలోకి ఆ పండే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు నాకు వేరే జవాబు అవసరం అనిపించలేదు.

ఆమెను మోసపుచ్చిన పువ్వు నార్సిసస్. వందతలలతో పూసిందని స్తోత్రం అంటుంది. ఒకే కాడకు గుత్తిగా పూసే నార్సిసస్ టజెట్టా రకాన్ని చూసినవారికి అది కొద్దిపాటి అతిశయోక్తి మాత్రమే. నీటిలో తన నీడను చూసి మోహపడిన యువకుడి కథ దీనికి తర్వాత అంటింది. ఆ యువకుడి ఊట ఉందని చెప్పే థెస్పియా ప్రాంతానికి స్వయంగా వెళ్ళిన పౌసేనియస్, మనిషికీ నీడకీ తేడా తెలియనంత మూర్ఖత్వం ఉంటుందా అని విసుక్కొని, అయినా పెర్సెఫొనె ఆ పూలు కోస్తుండగానే ఎత్తుకుపోయారని పాత కవి చెప్పాడు కాబట్టి, ఈ కుర్రవాడికన్నా పువ్వే ముందు పుట్టి ఉండాలని తేల్చాడు. ఈ పద్ధతిని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పాతాళంతో ముడిపడిన మరో మొక్క మీ పెరట్లోనే ఉంటుంది: పుదీనా. హేడీస్ మనసుపడిన మింథె అనే వనదేవతను పెర్సెఫొనె కాలితో తొక్కివేస్తే ఆమె ఈ మొక్కగా మారిందని, పశ్చిమ పెలొపొన్నెసస్‌లో పైలోస్ దగ్గర ఒక కొండకు ఆమె పేరే ఉందని, ఆ కొండ దగ్గరే హేడీస్ గుడి ఆవరణ ఉందని స్ట్రాబో రాశాడు. ఆ కొండ పేరు ఇప్పటికీ మింథీయే. కథలో తొక్కడం అన్న మాట గమనించండి. పుదీనా తైలం ఆకు పైపొర మీది సన్నటి గ్రంథుల్లో ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్న మొక్క దాదాపు వాసన వేయదు, వేలితో నలిపితేనో కాలి కింద పడితేనో గుప్పుమంటుంది. పైగా తొక్కినంత మాత్రాన చావదు, నేల లోపల పాకే కాండాల నుంచి మళ్ళీ లేస్తుంది. దీన్ని చంపాలని చూసిన తోటమాలి ఎవరైనా ఈ కథను మొదటిసారి వినగానే తలూపుతాడు. కూతుర్ని వెతుకుతూ ఎలూసిస్ చేరిన డిమీటర్ ద్రాక్షసారా వద్దని, యవల పిండి, నీళ్ళు, పుదీనా జాతికే చెందిన మరో లేత ఆకు కలిపిన పానీయం అడిగి తాగుతుంది.

మింథె పేరు చివర ఉన్న ధ్వని గురించి ఒక్క మాట. హ్యాకింథోస్, కొరింథోస్, లాబిరింథోస్ వంటి మాటల్లో వినిపించే ఆ 'ంథ్' గ్రీకు భాషది కాదని, గ్రీకులు రాకముందు అక్కడ మాట్లాడిన భాష నుంచి మిగిలిందని భాషావేత్తలు చాలాకాలంగా భావిస్తున్నారు. అంటే మొక్కల పేర్లూ ఊళ్ళ పేర్లూ ముందు నుంచీ అక్కడే ఉన్నాయి. ఒలింపస్ దేవతలు వాటి పక్కన వచ్చి చేరారు. స్పార్టా దగ్గరి అమిక్లె గుడిలో అపోలో విగ్రహపు పీఠమే, అపోలో ప్రేమించి పొరపాటున చంపుకున్న యువకుడు హ్యాకింథోస్ సమాధి, పండుగనాడు అపోలోకన్నా ముందు నైవేద్యం అతనికే.

ఆ హ్యాకింథోస్ రక్తం నుంచి మొలిచిన పువ్వు రేకుల మీద గ్రీకులో 'ఆయ్ ఆయ్', అంటే అయ్యో అయ్యో, అన్న అక్షరాలు కనిపిస్తాయంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను హయసింత్ గడ్డలు తెప్పించి, కుండీలో పూయించి, భూతద్దం పట్టుకొని అక్షరాల కోసం వెతికాను. ఏమీ లేవు. ఆ పేరుతో నర్సరీల్లో దొరికేది తుర్కియె, సిరియా వైపు జాతి, పాతవాళ్ళు చెప్పిన పువ్వు కాదు. లార్క్‌స్పర్ అని కొందరు, ఐరిస్ అని కొందరు, అడవి గ్లాడియోలస్ అని కొందరు వాదిస్తారు. ఒక్కొక్కదానికి ఒక్కో లక్షణం సరిపోయి మరొకటి తప్పిపోతుంది. ఈ పేర్ల పోలికను మాత్రం నమ్మకండి.

మొక్కల తర్వాత రాయి. గ్రీస్‌లో చాలా భాగం సున్నపురాయి నేల. మన బెలుం గుహలు చూసినవారికి అలాంటి నేలలో నీరు ఎలా ప్రవర్తిస్తుందో కొంత తెలుసు. నది ఉన్నట్టుండి బిలంలోకి దిగి మాయమవుతుంది, ఎక్కడో కొండ అవతల ఊటగా పైకి వస్తుంది. చుట్టూ కొండలున్న పళ్ళెం లాంటి మైదానాల్లో నీరు బయటికి పోవడానికి ఆ బిలాలే దారి. అవి పూడితే పొలాలు చెరువవుతాయి. పాతాళానికి ద్వారాలున్నాయనీ, అర్కాడియాలోని అల్ఫియస్ నది దేవుడు సముద్రం కింద నుంచి ఈదుకుంటూ సిసిలీలోని అరెథుసా ఊటలో తేలాడనీ చెప్పుకున్నది ఈ నేల మీదే. అల్ఫియస్ అర్కాడియాలో నిజంగానే భూమిలో మునిగి తేలుతుంది. సముద్రం దాటడం మాత్రం కథకులు కలిపినది.

స్టింఫాలోస్ సరస్సు దగ్గర పౌసేనియస్ రాసిన సంగతి ఒకటి ఉంది, కథ ఎలా పుడుతుందో అందులో దాదాపు కళ్ళ ముందు కనిపిస్తుంది. తన కాలంలోనే జరిగిందంటాడు. ఆ ఊరివాళ్ళు వేట దేవత ఆర్టెమిస్ పండుగను నిర్లక్ష్యం చేశారు. బిలం నోటికి కొయ్య అడ్డుపడి నీరు దిగడం ఆగిపోయింది, మైదానమంతా మునిగింది. ఒక వేటగాడు తరుముతున్న లేడి నీటిలో దూకింది, అతనూ వెంట దూకి ఈదాడు, ఆ బిలం ఇద్దరినీ మింగేసింది. నీరు ఒక్క రోజులో దిగిపోయింది. అప్పటి నుంచి పండుగ శ్రద్ధగా చేస్తున్నారట. కొయ్య అడ్డుపడడం, నీరు దిగడం ఏ నీటిపారుదల ఇంజనీరైనా ఒప్పుకునే విషయం. లేడి, వేటగాడు, దేవత అలక ఊరివాళ్ళు ఇచ్చిన అర్థం. వీరుడు హెరాక్లీస్ కంచు రెక్కల పక్షులను తరిమింది ఈ సరస్సు మీద నుంచే. పక్కనే ఉన్న ఫెనియోస్ మైదానంలో వరద నీటికి కాలువ తవ్వింది కూడా హెరాక్లీసే అంటారు. లెర్నా చిత్తడిలోని అనేక తలల సర్పం హైడ్రాను కూడా ఒక ఊటను మూస్తే మరోచోట చిమ్మే నీరుగా చదివిన వ్యాఖ్యాతలు ప్రాచీన కాలంలోనే ఉన్నారు. ఆ వివరణ మరీ అమరినట్టు ఉండడం వల్లనే నేను దాన్ని పూర్తిగా నమ్మను. కానీ ఆర్గోస్ దగ్గర ఆ ఊటలు ఇప్పటికీ పారుతున్నాయి.

ఆలివ్ గురించి మీకు తెలిసిందే ఎక్కువ కనుక ఒక్క సంఘటనతో సరిపెడతాను. ఏథెన్స్ ఎవరిదన్న పోటీలో పొసైడన్ ఉప్పునీటి బావినీ, దేవత ఎథీనా ఆలివ్ చెట్టునూ చూపారు. క్రీ.పూ. 480లో పర్షియన్లు ఏథెన్స్ కొండకోట అక్రోపొలిస్‌ను తగలబెట్టినప్పుడు ఆ చెట్టూ కాలిపోయింది. మర్నాడు పూజకు పైకి వెళ్ళినవారికి మోడు నుంచి మూరెడు చిగురు కనిపించిందని హెరోడోటస్ రాశాడు. ఆరు వందల ఏళ్ళ తర్వాత పౌసేనియస్ వినేనాటికి అది రెండు మూరలైంది. ఒక్క రోజులో మూరెడు రాదు గానీ, ఆలివ్ మొదట్లో నేలను ఆనుకొని ఉబ్బిన కొయ్యలో నిద్రాణమైన మొగ్గలుంటాయి, పైచెట్టు బూడిదైనా కొన్ని వారాల్లో పిలకలు వేస్తుంది. దావానలాలు చూసిన గ్రీకు రైతులందరికీ ఇది తెలుసు. ఊరు కాలినా వేరు చావలేదన్న మాటకు ఆ చెట్టు కన్నా సాక్ష్యం వారికి అక్కర్లేకపోయింది.

ఇక మీ ప్రయాణం. ఏప్రిల్ మంచి నెలే, కానీ నార్సిసస్ కోసం ఆశపడకండి. పల్లపు ప్రాంతాల్లో దాని కాలం దాటిపోతుంది. టెంపెలో లారెల్ తేలిగ్గా కనిపిస్తుంది. ఎలూసిస్ ఏథెన్స్‌కు 20 కిలోమీటర్ల దూరంలో ఇప్పుడు చమురు శుద్ధి కర్మాగారాల మధ్య ఉన్న పారిశ్రామిక పట్టణం. ఆ నిరాశను దాటి లోపలికి వెళితే, గుడి ద్వారం దగ్గర కొండలో లోతులేని గుహ ఒకటి ఉంటుంది, హేడీస్ గుడి అదే. పాతాళ నది స్టిక్స్ ఇదేనని చెప్పే జలపాతం హెల్మోస్ పర్వతం మీద ఉంది. ఏప్రిల్‌లో ఆ దారిలో మంచు ఉండవచ్చు కనుక ఈసారికి వదిలేయండి. స్టింఫాలియా సరస్సు రెల్లు మధ్య పక్షులతో ఇంకా ఉంది, ఒక పూట అక్కడ గడపండి.

ఎక్కడా ఆగకపోయినా రోడ్డు పక్కన మీకు అస్ఫొడెల్ కనిపిస్తుంది: నడుమెత్తు కాడలు, పాలిపోయిన తెల్ల పువ్వులు, ప్రతి రేకు మధ్య ఒక ముదురు గీత. చచ్చిపోయినవారు తిరిగే మైదానంలో ఉండే పువ్వు ఇదేనని హోమర్ అంటాడు. దాన్ని స్వర్గంలోని పూలతోటగా ఊహించుకున్నవారు చాలామంది ఉన్నారు. నిజానికి ఇది మంచి నేలలో పెరిగే మొక్క కాదు. మేకలు మేసి మేసి, నిప్పు పడి పడి, రాళ్ళు తేలిన బీడులో మిగతావన్నీ పోయాక మిగిలేది. దాని దుంపలు పేదల తిండి అని పాత గ్రీకు కవి హెసియడ్ నాటి నుంచీ ఉంది. హోమర్ కావ్యంలో, పాతాళంలో ఉన్న ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్, చనిపోయినవారందరికీ రాజుగా ఉండడం కన్నా పొలం లేని పేదవాడి దగ్గర కూలికి ఉండడమే మేలని చెప్పి, ఆ పువ్వుల మధ్య నుంచే పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోతాడు. కారు ఆపి కాసేపు చూడండి. దగ్గరలో మేకల మంద ఉంటే, చుట్టూ ఉన్న గడ్డినంతా కొరికి ఆ కాడల్ని మాత్రం ముట్టకుండా వదిలేయడం కనిపిస్తుంది.